రిజిస్టరుకు ఎక్కని పేరు

నవంబరు 2. కాజీపేటలో కతోలికులు ఆ రోజును సమాధుల పండుగ అంటారు. మధ్యాహ్నం నుంచే చీపుళ్లు, బకెట్లు, సున్నం డబ్బాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ శ్మశానానికి వస్తారు. తమవాళ్ల సమాధులు కడుగుతారు, బంతిపూలు పరుస్తారు, పొద్దు వాలుతుండగా కొవ్వొత్తులు ముట్టిస్తారు. గురువులు తీర్థం చల్లుతూ వరసల మధ్య నడిచిపోయాక కూడా జనం వెంటనే కదలరు. ఒక్కో సమాధి చుట్టూ ఒక్కో కుటుంబం కూర్చుని పోయినవాళ్ల మాటలు చెప్పుకుంటుంది. జంక్షన్ దగ్గర రైళ్లు కూత వేస్తూనే ఉంటాయి.

నేను వెళ్లింది నా స్నేహితురాలితో. ఆమె కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. వరంగల్ మేత్రాసనంలోని కతోలికుల భాష, ఆరాధన, ప్రజాజీవితం ఆమె అంశం. వాళ్ల పెదనాన్న నలభై ఏళ్లు ఉపదేశిగా పనిచేశారు. గురువులు నెలకోసారి వచ్చిపోయే పల్లెల్లో మిగతా రోజులన్నీ శ్రీసభ అంటే ఉపదేశే. పిల్లలకు జపాలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చోవడం, గురువులు అందకపోతే పోయినవాళ్లను సాగనంపడం అన్నీ ఆయన చేతిమీదే నడుస్తాయి. ఆ నలభై ఏళ్ల డైరీలు వాళ్లింట్లో ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆమెకు అవి కావాలి. ఆయన ఇవ్వనంటున్నారు. ఏడాదిగా నలుగుతున్న ఆ తగువు ఆ సాయంత్రం శ్మశానంలో తెగేదాకా వచ్చింది. విన్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

పెద్దాయన ఏడు కొవ్వొత్తులు తెచ్చారు. ఆరు తమవాళ్ల సమాధుల మీద వెలిగించారు. ఏడోది తీసుకెళ్లి ప్రహరీగోడ మొదట్లో, ఏ సమాధీ లేనిచోట పెట్టి వచ్చారు. మిగిలిపోయింది కాబోలు అనుకున్నాను.

ఉపదేశి: ఆ పుస్తకం లోపల పెట్టు బిడ్డా. ఇది జపం చేసే జాగ, రాసే జాగ కాదు.

పరిశోధకురాలు: జపం అయిపోయింది కదా పెదనాన్నా. ఇక్కడ కూర్చుని వాళ్లంతా చెప్పుకునేవే నాకు కావలసినవి. మళ్లీ ఏడాది దాకా ఎవరూ చెప్పుకోరు.

ఉపదేశి: చెప్పుకోనీ. చెప్పుకున్నది గాలిల పోతది, ఎవరికీ నష్టం లేదు. రాస్తే ఉండిపోతది. దైవశాస్త్రం చదవాలంటే హైదరాబాదుల రామంతపూర్ ఉన్నది. 1965 నుంచి సెయింట్ జాన్స్ గురువిద్యాలయం నడుస్తున్నది. మన పిల్లలు అక్కడ చదువుకొని గురువులై వస్తున్నరు. సర్కారు యూనివర్సిటీల మన విశ్వాసంతోని ఏం పని? అక్కడ మోకాళ్లు వంచేదెవరు?

పరిశోధకురాలు: రామంతపూర్ గురువులను తయారుచేసే చోటు. నాకు గురుపట్టం రాదు. పైగా ఆ పాఠాలు ఇంగ్లీషులో. మరి గృహస్థులు దైవశాస్త్రం చదవకూడదా? రెండో వాటికన్ మహాసభ 1965లో ఇచ్చిన పత్రంలోనే, గృహస్థుల్లో చాలామంది పవిత్రశాస్త్రాలు నేర్చుకోవాలని ఆశపడింది. అరవై ఏళ్లయింది. మన గుడి విచారణలో ఎంతమంది నేర్చుకున్నారు?

ఉపదేశి: నేను నేర్చుకోలేదా? పిల్లలకు నేర్పలేదా?

పరిశోధకురాలు: నేర్పారు. నాకూ మీరే నేర్పారు. ఏడు దేవద్రవ్యానుమానాలు వరసగా చెప్పమంటే నేను నవ్వాను, గుర్తుందా? అనుమానం అంటే సందేహం కదా, దేవుడి మీద ఏడు సందేహాలా అని అడిగాను.

ఉపదేశి: నెత్తిమీద ఒక్కటిచ్చిన.

పరిశోధకురాలు: ఇచ్చారు. జవాబు మాత్రం ఇవ్వలేదు. అది యూనివర్సిటీకి వెళ్లాక దొరికింది. తర్కం చదువుతుంటే, అనుమానం అంటే గుర్తును బట్టి కనపడనిదాన్ని తెలుసుకోవడం అని ఉంది. పొగను చూసి కొండమీద నిప్పుందని తెలుసుకోవడం. అక్కడే ఆగిపోయాను పెదనాన్నా. నీళ్లు, నూనె, అప్పం, ద్రాక్షరసం కనబడే గుర్తులు. వాటి వెనక కనబడని వరప్రసాదం. కొన్ని వందల ఏళ్ల కిందట ఎవరో ఈ దేశపు తర్కశాస్త్రం కూలంకషంగా చదివి ఆ మాట ఎంచుకున్నారు. తమిళంలో కూడా ఇదే మాట. మధుర వైపు పనిచేసిన యేసుసభ గురువుల నుంచి వచ్చిన సంపద ఇది. ఇప్పుడు మనం దివ్యసంస్కారాలు అంటున్నాం. పాత మాట మీ తరంతో పోతుంది. పోతున్నదేమిటో కూడా మనకు తెలియదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. పెదవులు కదిలాయి. పొగ, నిప్పు, అప్పం అని తనలో తాను సరిచూసుకుంటున్నట్టనిపించింది. నలభై ఏళ్లు పలికిన మాట లోపల ఇంత ఉందని ఎనభైవ ఏట తెలియడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

ఉపదేశి: మంచిగున్నది. కానీ తల్లీ, పొగ నిప్పు తెల్వకుండనే మా నాయిన సత్ప్రసాదం తీసుకున్నడు. తీసుకొని కండ్లు మూసుకుంటే ఆయన మొహం మారిపోయేది. ఆ మొహం నీ తర్కంల ఉన్నదా? చదువు బయట నిలబడి చూస్తది. బయటికెల్లి చూసెటోనికి కొవ్వొత్తి కనబడతది, వేడి తగలదు.

పరిశోధకురాలు: తగలదు, ఒప్పుకుంటాను. అయితే ఇదే వరంగల్‌లో పాల్కురికి సోమన బసవపురాణం ఎంఏలో చదువుతారు. చదివేవాళ్లంతా మెడలో లింగం కట్టుకున్నవాళ్లేనా? బమ్మెర పోతన భాగవతం ముస్లిం పిల్లలూ చదువుతారు, మనమూ చదివాం. అందువల్ల పోతన భక్తి పలచబడలేదు. మనం దేవుణ్ణి సర్వేశ్వరుడు అంటాం. పక్కవీధి ప్రొటెస్టెంట్లు ఆ మాట పెద్దగా వాడరు. అది శైవులు శివుణ్ణి పిలుచుకునే మాట. పాల్కురికి మాట, మన జపమాల మాట ఒక్కటేనని మన ఊళ్లో ఎవరికైనా తెలుసా?

ఉపదేశి: పాల్కురికి, పోతన వాళ్లే తెలుగుల రాసిండ్రు. మనకెవరు రాసిండ్రు?

పరిశోధకురాలు: పద్దెనిమిదో శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను వేదాంత రసాయనమని కావ్యంగా రాశాడు. అదే కాలంలో తెలుగు నేల మీద పనిచేసిన కూర్దూ అనే ఫ్రెంచి యేసుసభ గురువు తెలుగు నిఘంటువు కూర్చాడు. సంస్కృతం, లాటిన్, గ్రీకు భాషలకు చుట్టరికం ఉందని 1767లో పారిస్‌కు లేఖ రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట అన్నది 1786లో. చదువు మన శ్రీసభకు పరాయిది కాదు పెదనాన్నా.

ఉపదేశి: ఆ ఉత్తరం పారిస్ పోయింది కదా. మన ఊరికైతే రాలేదు.

పరిశోధకురాలు: నేను కొట్లాడేది దానికోసమే! అంతా ఇక్కణ్ణుంచే పోయింది. మన మాటలు, మన పాటలు, మన లెక్కలు రోముకు, మిలానుకు నివేదికలై పోయాయి. వాటినుంచి పుట్టిన చదువు తెలుగులో తిరిగి రాలేదు.

ఉపదేశి: రాలేదనకు. జోజయ్యగారున్నరు. బైబులు భాష్యం మన అల్మారాల ఉన్నది, సగం పేజీలు నా వేళ్ల మురికే. చదువుకున్నోడు కూడా ఆయన రాసినట్ల రాస్తే నాకు అడ్డమేం లేదు. ఆయన పూజ చేసే చేతితోని రాసిండు.

ఇది ఆయన గెలుచుకున్న మాట. యేసుసభ గురువు పూదోట జోజయ్యగారి పుస్తకాలు ఎన్నో తెలుగు కతోలిక ఇళ్లలో ప్రార్థనపుస్తకం పక్కన ఉంటాయి. సామాన్యుడికి అందే తెలుగులో ఒక్క మనిషి అంత పని చేశారు. అయితే ఒక్క మనిషే చేయాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది. ఒక భాషలో ఒక శాస్త్రం బతకాలంటే ఒకరు రాస్తే ఇంకొకరు కాదనాలి, మూడోవారు సరిదిద్దాలి.

పరిశోధకురాలు: జోజయ్యగారు బైబిలుకు భాష్యం చెప్పారు. మనకు భాష్యం ఎవరు చెప్పాలి? మన ఊరికి? ఈ సమాధులకు? మైసూరు విశ్వవిద్యాలయంలో అమలోర్పవదాస్ అనే గురువు క్రైస్తవ అధ్యయన శాఖ పెట్టించారు. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ ఉంది. అక్కడ ఏ మతంవాళ్లయినా చేరవచ్చు. తెలుగు నేలమీద అలాంటిది ఒక్కటైనా ఉండాలనిపించదా?

ఉపదేశి: సర్కారు పైసలతోని మన మతం చెప్పొచ్చునా? రాజ్యాంగం ఒప్పుతదా?

పరిశోధకురాలు: మత బోధ కుదరదు, 28వ అధికరణం వద్దంటుంది. మతం గురించి చదవడం వేరు. గురునానక్ జీవితం, బోధనలు చదవడం మత బోధ కాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కళాశాల కేసులో చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ దాదాపు అదే తేల్చింది. అడ్డం చట్టంలో లేదు, మనలోనే ఉంది.

ఉపదేశి: మనలో ఊరికె లేదు. నీకు ఏం తెల్సు? నేను పిల్లగాన్నయినప్పుడు అమెరికా పాలపొడి, గోధుమలు మిషన్ కాంపౌండుల పంచేటోళ్లు. మా నాయిన జ్ఞానస్నానం అంతకు ఎంత ముందటిదో! అయినా బడిల ఒక సారు అందరి ముందట నన్ను పాలపొడి క్రైస్తవుడన్నడు. ఏడ్సుకుంట ఇంటికి వచ్చిన. మనమీద రాసినోళ్లల్ల సగం మంది చదువుకొని కూడ ఆ సారు అన్నదే రాసిండ్రు. మిగిలిన సగం మనల్ని దేవదూతలను చేసిండ్రు. రెండూ మనం కాదు.

పరిశోధకురాలు: అందుకే మనం రాయాలి.

ఉపదేశి: నువ్వు రాస్తే ఏం రాస్తవు? నేను పనిచేసిన ఒక ఊరి శ్మశానంల రెండు వరసలుండె. ఎవరి వరస ఎవరిదో నీకు చెప్పనక్కర లేదు. రాస్తవా అది?

పరిశోధకురాలు: రాస్తాను.

ఉపదేశి: రాస్తవు. మనమంటే పడనోళ్లు అది చదివి, చూసిండ్రా వాళ్ల దేవుని ఇంట్ల కూడ ఇదే అంటరు. మనోళ్లు చదివి, సొంత తల్లిని బజారుల పెట్టిందంటరు. శ్రీసభల కులం లేదని నలభై ఏండ్లు పిల్లలకు చెప్పిన నేను, ఉన్నదని నా చేతిరాతతోనే సాక్ష్యమియ్యాల్నా?

ఈ ప్రశ్నతో ఆయన గొంతు వణికింది. పక్క సమాధి దగ్గరున్నవాళ్లు ఒకసారి తిరిగి చూశారు. స్నేహితురాలు వెంటనే మాట్లాడలేదు. ఒరిగిన ఒక కొవ్వొత్తిని సరిచేసి, మైనం ఆరేదాకా పట్టుకుని కూర్చుంది.

పరిశోధకురాలు: పెదనాన్నా, మన సర్టిఫికెట్ మీద బీసీ-సి అని ఉంటుంది. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం. అందరికీ కలిపి నూటికి ఒక్క వంతు. నాన్న ఉద్యోగం, నా సీటు ఆ ఒక్క వంతులోంచి వచ్చినవే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. 1985లో సుప్రీంకోర్టులో ఒక కేసు నడిచింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయనది. చెప్పులు కుట్టే షెడ్యూల్డు కులాల వాళ్లకు ప్రభుత్వం బంకులు ఉచితంగా ఇచ్చింది. ఈయన క్రైస్తవుడని ఇవ్వలేదు. కోర్టు ఏమందో తెలుసా? మతం మారినా ఆ వెనకబాటు కొత్త మతంలో కూడా అంతే తీవ్రంగా ఉందని చూపే ఆధారాలు మా ముందు లేవంది. ఆధారాలు లేవు పెదనాన్నా! ఆ రెండు వరసలు చూసినవాళ్లు దేశంలో ఎంతమంది ఉండి ఉంటారు? మీలాంటి ఉపదేశులు ఎంతమంది? అందరి డైరీలూ ట్రంకుపెట్టెల్లోనే ఉన్నాయి.

ఉపదేశి: అంటే మన సిగ్గును కోర్టుల పరవాలె.

పరిశోధకురాలు: సిగ్గు మనది కాదు. ఆ వరసలు గీసినవాళ్లది. దేశంలోని పీఠాధిపతులంతా కలిసి 2016లో దళిత సాధికారత విధానమని ఒక పత్రం విడుదల చేశారు. శ్రీసభలో వివక్ష ఉందని, అది పాపమని వాళ్లే ఒప్పుకున్నారు. తల్లే నోరు తెరిచి చెప్పాక బిడ్డ ఎందుకు దాచాలి? మీరేమో పూల అంతోనిగారు కర్దినాలు అయిన రోజు, మనవాడేనని ఊరంతా మిఠాయి పంచారు.

ఉపదేశి: 2022 ఆగస్టు 27. పంచకుంట ఎట్లుంట? తెలుగోళ్లల్ల మొదటి కర్దినాలు. అంతకు ముందు 2000ల మరంపూడి జోజిగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు నేను బస్సెక్కి పోయి చూసొచ్చిన. మనోడు ఆ పీఠం మీద కూర్చున్నడు. చూసి, ఇగ చాలనుకున్న.

పరిశోధకురాలు: ఎందుకు చాలనుకున్నారో అదే నాకు కావాలి. పీఠం మీద కూర్చున్నది ఒక మనిషి. బస్సెక్కి వెళ్లి చూసొచ్చినవాళ్ల సంగతి ఏ చరిత్రలోనూ లేదు. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడిందని, బెరెట్టాగారు 1953 నుంచి 1985 దాకా మొదటి పీఠాధిపతి అని, ఇటలీ నుంచి వచ్చిన పీమె సభ గురువులు బడులు, ఆస్పత్రులు కట్టారని రాసి ఉంది. కట్టినవాళ్ల పేర్లున్నాయి. ఇటుకలు మోసినవాళ్లవి లేవు.

ఉపదేశి: రిజిస్టర్లల్ల ఉన్నయి కదా. ప్రతి విచారణల జ్ఞానస్నానం రిజిస్టరు ఉంటది.

పరిశోధకురాలు: చూశాను. ఒక విచారణలో రెండు నెలలు కూర్చున్నాను. ఒక్కో మనిషికి ఒక్కో అడ్డవరస. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, అమ్మానాన్నలు, జ్ఞాన తల్లిదండ్రులు, ఇచ్చిన గురువు సంతకం. అంచున ఖాళీ వదులుతారు. పదేళ్ల తర్వాత భద్రమైన అభ్యంగనం, ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లి ఆ ఖాళీలోకి వచ్చి చేరతాయి. ఒక జీవితం మొత్తం ఒక్క గీతలో! పేర్లు ఇటలీ చెవితో విని రాసినవి. వాళ్ల భాషలో ‘సి’ పక్కన ‘ఐ’ వస్తే ‘చి’ అని పలుకుతారు. చిన్నయ్య అనే పేరును మనం ఇంగ్లీషు పద్ధతిలో చదివితే సిన్నయ్య అయిపోతాడు. మొదటి వారమంతా అసలు లేని మనుషులను వెతుక్కుంటూ కూర్చున్నాను. తర్వాత గట్టిగా ఇటలీవాళ్లలా చదవడం మొదలుపెడితే ఒక్కొక్కరే బయటికొచ్చారు. మన తాత కూడా.

ఉపదేశి: మా నాయిన దొరికిండా?

పరిశోధకురాలు: దొరికాడు. నాయనమ్మ, మీరు, నాన్న, అత్తయ్య అందరూ ఉన్నారు.

ఉపదేశి: అందరు లేరు.

అప్పుడు నేను ఆయన ముఖం చూశాను. ఆయన గోడవైపు చూస్తున్నారు.

ఉపదేశి: నీ చదువు రిజిస్టరు మీద నిలబడతది. రిజిస్టరుకు ఎక్కనోళ్లు నీకు లేనట్టే. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా అమ్మకు ఆడపిల్ల పుట్టింది. రాత్రి పుట్టింది, తెల్లారకముందే పోయింది. నాయిన ఊళ్లె లేడు. ఉపదేశి ఉన్న ఊరు రెండు కోసుల దూరం. ఆపదల ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇయ్యొచ్చని ఇంట్ల ఒక్కరికీ తెల్వదు. పొద్దున పోయి అడిగితే మన శ్మశానంల పెట్టనియ్యలేదు. అప్పటి శ్రీసభ చట్టం అట్లుండె. చెరువుకట్ట అవతల పెట్టిండ్రు.

పరిశోధకురాలు: నాకెప్పుడూ చెప్పలేదు.

ఉపదేశి: ఎవరికి చెప్పిన? మా అమ్మ బతికున్నన్ని దినాలు అడిగింది. ఆ పిల్ల యాడున్నదిరా అని. నేను ఉపదేశినైనంక మరీ అడిగింది. నాకు నేర్పిందే నేను చెప్పిన. స్వర్గానికి పోదు, నరకానికి పోదు, లింబో అని ఒక చోటుంటది, అక్కడ బాధ ఉండదు, దేవుడు మాత్రం కనబడడు అని. చిన్నప్పుడు లాటిన్ల జవాబులు అప్పజెప్పి పూజల సాయం చేసినోన్ని, నాకు అన్నీ తెల్సనుకునేది. పూజ తెలుగుల మొదలైన దినం, ఇన్నేండ్లు వీళ్లు ఇదే చెప్తున్నరా అని నన్ను అడిగింది. అంత నమ్మకం ఆమెకు. నేను లింబో అంటే అదీ నమ్మింది. కలుసుకునేది లేదన్న మాట అని లేచి పోయింది. 1998ల పోయింది ఆమె.

పరిశోధకురాలు మాట్లాడటానికి చాలాసేపు పట్టింది. ఆమెకు తెలిసిన సంగతి చెప్పాలా వద్దా అని తడబడుతోందని నాకర్థమైంది. ఆ క్షణంలో నేనైతే చెప్పేదాన్ని కాదు.

పరిశోధకురాలు: పెదనాన్నా, 2007లో వాటికన్‌లోని అంతర్జాతీయ దైవశాస్త్ర మండలి ఒక పత్రం ఇచ్చింది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డల గురించే. ఏళ్ల తరబడి చదివి రాశారు. లింబో అన్నది శ్రీసభ ఎన్నడూ విశ్వాససత్యంగా ప్రకటించింది కాదని, పండితుల ఊహ అని తేల్చారు. ఆ బిడ్డలకు రక్షణ దొరుకుతుందని ఆశపడటానికి గట్టి కారణాలున్నాయన్నారు. బెనెడిక్టు పోపుగారు దాన్ని అచ్చువేయడానికి ఒప్పుకున్నారు.

ఉపదేశి: 2007. అమ్మ పోయిన తొమ్మిదేండ్లకు.

పరిశోధకురాలు: అంతకు ముందే ఉంది. 1992లో వచ్చిన సత్యోపదేశంలో, 1261వ పేరాలో. అట్లాంటి బిడ్డలను శ్రీసభ దేవుని కరుణకు అప్పగిస్తుందని, వాళ్లకూ రక్షణ మార్గం ఉంటుందని ఆశపడవచ్చని రాశారు. అక్కడ లింబో మాటే లేదు.

ఉపదేశి: 1992ల్నే రాసిండ్రా?

పరిశోధకురాలు: రాశారు.

ఉపదేశి: ఆరేండ్లు టైముండె బిడ్డా.

ఆ మాట తర్వాత ఏం జరిగిందో రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఎనభై ఏళ్ల మనిషి తల్లి సమాధి మీద చెయ్యి వేసి కూర్చున్నారు, అంతే. దైవశాస్త్రం ప్రజాజీవితానికి ఏం చేస్తుందని అడిగేవాళ్లకు నా దగ్గర వేరే జవాబు లేదు. ఆ పేరా రోములో ఉంది. ఆ తల్లి ఓరుగల్లు పల్లెలో ఉంది. మధ్యలో ఒక భాష దాటాలి, నాలుగు చేతులు మారాలి. ఆరేళ్లలో దాటలేదు.

ఉపదేశి: మా అమ్మ ఒక్కతే కాదు. పదకొండు ఇండ్లల్ల నేను ఆ మాట చెప్పిన. నా నోటితోని. ఎప్పుడు, ఏ ఊళ్లె, ఎవరింట్ల అన్నీ డైరీల రాసున్నయి. బిడ్డ పోయినది, నేను పోయినది, లింబో సంగతి చెప్పి ఓదార్చినది. ఓదార్చిన అని రాసుకున్న. డైరీలు నీకెందుకు ఇయ్యలేదో ఇప్పుడు సమజైందా?

పరిశోధకురాలు: అయింది. అడగను ఇక.

ఉపదేశి: అడగనంటే ఎట్ల? ఆ తల్లులల్ల ఎంతమంది ఉన్నరో, ఎంతమంది పోయిండ్రో నాకు తెల్వదు. నలుగురైదుగురైనా ఉంటరు. ఆ 2007 కాగితం తెలుగుల ఉన్నదా?

పరిశోధకురాలు: నేను చూడలేదు.

ఉపదేశి: నువ్వు రాయగల్గుతవా? యూనివర్సిటీ తెలుగుల కాదు. పత్తి ఏరి వచ్చి, చేతులు కడుక్కొని కూర్చున్న మనిషికి చదివి వినిపించే తెలుగుల.

పరిశోధకురాలు: మీరు పక్కన కూర్చుంటే రాస్తాను. నా తెలుగుకు అంత శక్తి లేదు.

ఉపదేశి: అది ముందు అయితది. డైరీలు తర్వాత. ఇయ్యను, చదువుత. నేను చదువుతుంటె నువ్వు రాసుకో. ఫోన్ల ఫోటోలు తీయొద్దు. ఆ పదకొండు ఇండ్ల పేర్లు నీ పుస్తకంల రావద్దు. రెండు వరసల సంగతి రాయి. ఊరి పేరు అడగకు.

పరిశోధకురాలు: ఊరి పేరు లేకపోతే ఆధారంగా నిలవదంటారు పెదనాన్నా.

ఉపదేశి: అననియ్యి. అక్కడ నేను పాతిపెట్టినోళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లెనే బతుకుతున్నరు. కోర్టు వాళ్లింటికి వచ్చి కాపలా ఉంటదా?

దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాళ్లిద్దరి మధ్య ఆ తగువు ఇంకా సాగుతూనే ఉంది. ఎవరి పక్షాన నిలబడాలో నాకూ తెలియడం లేదు.

జనం పలచబడ్డారు. కొవ్వొత్తులు చాలావరకు అడుగంటాయి. మేం లేచేసరికి గోడ మొదట్లో పెట్టింది మాత్రం గాలి తగలక నిలకడగా వెలుగుతోంది. స్నేహితురాలు అటు చూసి, పెదనాన్న వైపు చూసింది.

పరిశోధకురాలు: అది చిన్నత్తకా?

ఉపదేశి: చెరువుకట్ట మీద ఇప్పుడు ఇండ్లు లేచినయి. యాడ పెట్టాలె? ఏటేటా ఇక్కడనే పెడుతున్న.

పరిశోధకురాలు: పేరేంటి?

ఉపదేశి: పేరు లేదు తల్లీ. జ్ఞానస్నానం దినం పెడుదమని ఆపిండ్రు. ఏడు రాసుకో. 1954. తపస్సు కాలం.

ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.